ఇద్దరి టికెట్, ఒక్కరి రాక

మనిషి రైలు దిగినంత మాత్రాన ఊరు చేరినట్టు కాదు. చేరినట్టు గేటు దగ్గర ఒకరు ఒప్పుకోవాలి. (ఒప్పుకునేవారికి మధ్యలో టీ విరామం ఉంటుంది.) ఈ సత్యం నాంచారమ్మకు రెండువేల నాలుగులో, తన యాభై ఎనిమిదో ఏట తెలిసింది.

ఆమె పెనిమిటి దూలయ్య కొత్తగూడెం బొగ్గుబాయిలో ముప్పై మూడేళ్లు చేసి ఆ ఏడే రిటైరయ్యాడు. అన్నేళ్లూ ఆయన షిఫ్టుకు పోయినప్పుడల్లా ఇదే ఆఖరి చూపేమోనని ఆమె గుండె చిక్కబట్టుకునేది. అందుకే ఒక్క రోజంతా ఆయన పక్కన నడవాలని, కోట ఉన్న ఊరికి ప్యాసింజరులో వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకటే టికెట్.

తొమ్మిదింటికి రైలు దిగారు. బాయి నుంచి పైకొచ్చినవాడు తన హాజరు బిళ్ళ అప్పజెప్పి, వెనక్కి చూడకుండా ఇంటిదారి పడతాడు. దూలయ్య కూడా ఆ అలవాటుతోనే గేటు దగ్గర టికెట్ అప్పజెప్పి చకచకా బయటికి నడిచాడు. సద్దిసంచితో నాలుగడుగులు వెనకబడిన నాంచారమ్మను నిష్క్రమణల ఉప పర్యవేక్షకుడు శ్రీశైలం ఆపాడు.

"టికెట్?"

"ఆయనిచ్చిండు గద బిడ్డా. గా పోతున్న బట్టతలాయన."

"ఇచ్చిండు. ఒక టికెట్, ఒక మనిషి. సరిపోయింది."

"అండ్ల ఇద్దరని రాసుంటది. జర చూడు."

చూడవచ్చు. కానీ గేటు దగ్గర టికెట్లు వేసే సంచిలో పడిన టికెట్ ప్రభుత్వ ఆస్తి. ఆ సంచిని నెలాఖరున ముగ్గురు అధికారుల సమక్షంలోనే విప్పాలి. (మూడో అధికారి పోస్టు ఖాళీ.)

దూలయ్య కటకటాల దగ్గరికి ఉరికొచ్చాడు. "జుర్మానా కట్టి బయటికి రా, నాంచారీ."

"కడితే టికెట్ లేకుంట వచ్చిన్నని సంతకం పెట్టాల్నంట. నేను దొంగనా? పెట్ట."

"అయితే నేనే లోపలికొస్త."

అదీ కుదరదు. బయటపడినవాడు అదే రోజు లోపలికి రావాలంటే తిరుగు టికెట్ ఉండాలి. అది రైలుకు గంట ముందే ఇస్తారు. రైలు సాయంత్రం నాలుగింటికి.

"బాయిల మనిషి పైకి రాకుంటే దేవులాడనీకి పది మందిని తోలుతరు సారూ," అన్నాడు దూలయ్య.

"ఇక్కడ దేవులాడేదేమున్నది? కనబడుతనే ఉన్నది గద."

శ్రీశైలం దయలేనివాడు కాడు. కటకటాలకు అటొకటి, ఇటొకటి స్టూలు వేయించాడు. వాళ్లు ఊచల సందుల్లోంచి జొన్నరొట్టెలు అందించుకు తిన్నారు. బయట ఆటోలవాళ్లు "కోట, కోట" అని అరుస్తూనే ఉన్నారు.

మూడింటికి కొత్త టికెట్‌తో దూలయ్య లోపలికొచ్చాడు. ఊరు విడిచే ప్రతి యాత్రికుడి చేతా పర్యాటక అభిప్రాయ పత్రం నింపించాలని నిబంధన. పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్న అక్షరాలతో నాంచారమ్మ నింపింది.

చూసిన చారిత్రక కట్టడం: దూలయ్య.

ఎంతసేపు చూశారు: ఆరు గంటలు.

ప్రస్తుత స్థితి: మంచిగనే ఉన్నడు.

శ్రీశైలం శ్రద్ధగా చదివి, ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాడు. అసలు ఊళ్లోకే రాని మనిషి అభిప్రాయం చెల్లదు.