నానిన కొలత

పొద్దున్నే వర్క్‌షాపుకు వెళ్ళి, విత్తే యంత్రానికి కొత్త బిళ్ళ చేసి, పదకొండుకల్లా పొలంలో బిగించాలని మేస్త్రి అనుకున్నాడు. విత్తనాలను ఒక్కొక్కటిగా జారవిడిచే ఇత్తడి బిళ్ళ అది. వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అందరూ ఆయన్ని వెంట్రుకవాసి మేస్త్రి అంటారు. ఆయన కొలతలో అంతకుమించి తేడా రాదు. అయినా ఇంతకుముందు చేసిన రెండు బిళ్ళలూ షెడ్డులో చక్కగా తిరిగి, పొలంలో గింజలు ఇరుక్కుని ఆగిపోయాయి. మూడోదీ ఆగితే వర్క్‌షాపుకు తాళం, మేస్త్రికి గోదాము అని డైరెక్టరు తేల్చేశాడు.

ఈసారి గింజనే కొలవమని సైంటిస్టమ్మ కొత్తరకం చిక్కుడు గింజలు పన్నెండు పొట్లం కట్టి ఇచ్చింది. చొక్కా జేబులో పెట్టుకున్న ఆ పొట్లం ఇప్పుడు లేదు.

"అదా? రాత్రి చొక్కా ఉతకబోతే దొరికింది. కూరకి నానేసిన గింజల్లో కలిపేశా," అంది భార్య.

"అవి పరిశోధనవే!"

"మరి పరిశోధనని జేబులో వేసుకు తిరుగుతారా ఎవరన్నా? అరవకండి, ఏరుకోండి."

కొత్తరకానికి గుర్తుగా ఎర్రమచ్చ ఉన్న పన్నెండింటినీ ఏరి, తువ్వాలుతో తుడిచి పట్టుకెళ్ళాడు. వెర్నియరుతో ఒక్కోదాన్నీ మూడేసిసార్లు కొలిచి రంధ్రాలు వేశాడు. పదిన్నరకు సైంటిస్టమ్మ తన దగ్గరున్న పొడి గింజలు పోసి తిప్పింది.

"ఇదేంటండీ, జోడీలు కట్టుకుని దిగుతున్నాయి?"

మేస్త్రికి అప్పుడు వెలిగింది. తను కొలిచింది గింజనొక్కదాన్నే కాదు, అది రాత్రంతా తాగిన నీళ్ళను కూడా. ఇంతలో బయట జీపు హారన్ మోగింది. ముందు సీట్లో డైరెక్టరు. ఇంకో బిళ్ళకు వ్యవధి లేదు. వెనక సీట్లో మేస్త్రి జరిగిందంతా గుసగుసగా చెబితే సైంటిస్టమ్మ నుదురు కొట్టుకుంది. ఆ తర్వాత దారిపొడుగునా ఆయన, గోదాములో తన కుర్చీ ఏ మూల వేస్తారో అని ఆలోచిస్తూ కూర్చున్నాడు.

పొలంలో మేస్త్రి బిళ్ళ బిగించాక, ఆ పొలం రైతు తన సంచిలోని గింజలు యంత్రం డబ్బాలో పోశాడు. యంత్రం కదిలింది. టక్, టక్ అంటూ ఒక్కొక్కటే పడ్డాయి. సాలు చివరిదాకా ఎక్కడా ఆగలేదు. సైంటిస్టమ్మ నమ్మలేక డబ్బాలో చెయ్యి పెట్టింది. చెయ్యి తడిసింది.

"ఇవి నేను పంపిన గింజలేనా పెద్దాయనా?"

"మీవే తల్లీ. రాత్రి నానేశా. నానెయ్యకుండా ఎవరన్నా విత్తుతారా?"

"పోయినసారి కూడానా?"

"ప్రతిసారీనూ. మీరడిగితే కదా చెప్పేది!"

డైరెక్టరు మేస్త్రి భుజం తట్టాడు. "పొలం మర్మం తెలిసినవాడివయ్యా! నానేస్తారని ముందే పసిగట్టావ్."

మేస్త్రి వంగి బిళ్ళకంటిన తడి తుడిచాడు.

మర్నాడు సైంటిస్టమ్మ మరో రకం గింజల పొట్లం తెచ్చి బల్లమీద పెట్టింది. దానిమీద "మీ ఆవిడకు" అని రాసి ఉంది.