పన్నెండో గదిలో ఎనిమిది కళ్లు

ఆ హోటల్ మేనేజరుకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ఉయ్యాల ఊపే చెయ్యి తన తల్లిదేనా అని తల పైకెత్తి చూసుకున్నాకే నిద్రపోయేవాడట. అద్దంలో తన మొహం కనిపించినా "ఎవరు కావాలి?" అని అడిగే రకం. హోటల్ మీద ఈగని వాలనిచ్చేవాడు కాదు. వాలితే పేరూ ఊరూ రాయించుకుని మరీ పంపేవాడు.

ఆ పొద్దున్న పెట్టుకున్న పని చిన్నదే. కొత్త బ్రోచరు కోసం ఫోటోగ్రాఫరు గదులన్నీ ఫోటోలు తీసి పదింటికల్లా వెళ్లిపోవాలి. పదకొండింటికి ఓనరు వస్తాడు. ఓనరంటే పరాయివాడు కాదు, మేనేజరు భార్యకి స్వయానా అన్న. పోయిన నెలే తేల్చి చెప్పాడు.

"బావా, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, ఆ కుర్చీలో నా తమ్ముడు కూర్చుంటాడు. నువ్వు ఇంటికెళ్లి రోజంతా మా చెల్లెలి ఎదురుగా కూర్చుందువుగాని."

కుర్చీ పోతుందన్న మాటకంటే ఆ రెండో మాటకే మేనేజరుకి ఎక్కువ చెమట పట్టింది.

పదయింది. పదింబావయింది. ఫోటోగ్రాఫరు కిందికి రాలేదు. గదులు తుడిచే ఆయమ్మ మాత్రం వచ్చింది.

"అయ్యగారూ, ఆ ఫోటోలాయన పన్నెండో గదిలో మంచం కింద దూరాడు."

"మంచం కింద ఏముంది?"

"ఏముంటుంది? పొద్దున్నే నేను తుడిచాగా."

"ఏమీ లేని చోట మనిషి దూరాడంటే, ఏదో ఉన్నట్టే!"

మునివేళ్ల మీద మెట్లెక్కి తొంగి చూశాడు. ఫోటోగ్రాఫరు ఇప్పుడు మంచం మీదున్నాడు. బోర్లా పడుకుని, తెల్ల దుప్పటికి బెత్తెడు దూరంలో కెమెరా పెట్టి ఊపిరి బిగబట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

ఫోటోగ్రాఫరు ఉలిక్కిపడి దుప్పటి మీద దేన్నో అరచేత్తో కప్పేశాడు. "ఏం లేదు సార్. మీ పని అయిపోయింది. ఇది నా సొంతానికి. రెండంటే రెండు నిమిషాలు."

సొంతానికట! మేనేజరు చూపు కెమెరా వెనక తెర మీద పడింది. తన హోటల్ దుప్పటి మీద ఒళ్లంతా బొచ్చుతో, ఎనిమిది కళ్లతో ఏదో కూర్చునుంది. దాని మొహం ముందు గుమ్మడికాయ చిన్నది. తొమ్మిదో కన్నుంటే దాంతో కూడా తననే చూసేదనిపించింది.

'ఎదుటి హోటల్ వాడు పంపిన మనిషే!' అనుకుని, చప్పుడు కాకుండా బయటికొచ్చి తలుపుకి గొళ్లెం పెట్టేశాడు.

"ఆయమ్మా, పురుగుల మందు కొట్టే పొగ మిషను తియ్యి. ఈ గది వదిలేసి మిగతా పదకొండు గదులకీ పట్టించు."

"పురుగులేవి అయ్యగారూ?"

"ఉన్నాయని వాడు ఫోటో తీశాడు. లేకుండా చేసేస్తే వాడిది అబద్ధమవుతుంది!"

పొగ అంటే మామూలు పొగ కాదు. మబ్బులు కూడా దారి తప్పి కిటికీల్లోంచి లోపలికొచ్చాయని చెప్పుకున్నారు. సగం గడ్డం గీసుకున్నాయన మిగతా సగంతో రోడ్డెక్కాడు. ఒకాయన తువ్వాలు ఒక చేత్తో, పెట్టె ఒక చేత్తో పట్టుకుని, ఏది వదలాలో తేలక దగ్గుతున్నాడు.

"ఏమయిందమ్మా?" అని ఎవరో అడిగారు.

"పురుగంట," అంది ఆయమ్మ.

ఆ మాట పక్క కొట్టు దాటేసరికి తేలయింది. మలుపు తిరిగేసరికి పామయింది. వీధి చివర మాత్రం అప్పటికే ఇద్దరు పోయారు.

సరిగ్గా అప్పుడే ఓనరు కారు దిగాడు. "బావా! ఏంటిది?"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే మేనేజరు అరిచాడు. "మన గదుల్లో పురుగులున్నాయని ఫోటోలు తీస్తున్నాడు బావా! దొంగని పన్నెండో గదిలో పెట్టి గొళ్లెం వేశాను!"

రోడ్డు మీద దగ్గులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అంతవరకూ పొగెందుకో తెలియని వాళ్లందరికీ తెలిసింది.

గొళ్లెం తీశారు. ఫోటోగ్రాఫరు ఖాళీ మాత్రల డబ్బా పట్టుకుని ఏడుపు మొహంతో దిగాడు.

"మీ హోటల్లో పురుగెక్కడిది సార్? గదులూ సబ్బులూ ఫోటో తీసేది పొట్టకోసం, నా ప్రాణమంతా పురుగుల మీదే. ఏ హోటలుకెళ్లినా నాలుగైనా దొరుకుతాయి. ఇక్కడ మంచాల కింద దూరి మరీ వెతికా. ఒక్క చీమ దొరికితే ఒట్టు! అందుకే ఇంటి నుంచి ఈ డబ్బాలో తెచ్చుకున్న సాలీణ్ణి మీ దుప్పటి మీద దించా. అంత తెల్లటి దుప్పటి నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? మిరియం గింజంత ఉంటుంది సార్. మీరొచ్చారని కప్పిన చెయ్యి తీసేసరికి ఎటో గెంతేసింది."

పెట్టెలు పట్టుకున్న వాళ్లెవరూ ఆ మాట వినడానికి ఆగలేదు. ఎదుటి హోటల్ గుమ్మంలో వరస కట్టేశారు.

ఓనరు ఆ వరసని చివరిదాకా లెక్కపెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఇంతకీ బావా, పురుగులున్నాయని ఫిర్యాదు చేసిందెవరు?"

మేనేజరు అటు చూశాడు, ఇటు చూశాడు. అనుమానించడానికి జన్మలో మొదటిసారి ఒక్క మనిషీ దొరకలేదు.

"నేనే బావా."

మర్నాటి నుంచి ఆ కుర్చీలో ఓనరు తమ్ముడు కూర్చున్నాడు. వారం రోజులు హోటల్ మొత్తానికి ఒక్కటే గిరాకీ, పన్నెండో గది కర్టెను మీది సాలీడు. అద్దె కట్టదుగానీ, ఫిర్యాదు మాత్రం చెయ్యదు.