గుండుకు రెండు రిబ్బను పువ్వులు

ఒక జాతి క్రమశిక్షణ దాని ఒకటో తరగతి ఆడపిల్లల జడల దగ్గరే మొదలవుతుందని కోక్‌తరల్ పట్నంలోని రెండో నంబరు బడి చాలా ఏళ్ల కిందటే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు. నలభై ఒక్క అంశాల నియమావళి రాయించి, ఏటా జూన్ నెలలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి పంపుతూ వస్తోంది. లంగా మోకాలికి రెండు వేళ్ల కిందికి ఉండాలి (వేళ్లు ఎవరివన్న అనుమానం రాకుండా, ఉపప్రధానోపాధ్యాయురాలివి అని అనుబంధంలో ఉంది). మేజోళ్లు తెల్లగా ఉండాలి గాని మెరవకూడదు. ఆడపిల్లకు రెండు జడలు, జడకొక తెల్ల రిబ్బను పువ్వు, పువ్వు వెడల్పు పద్నాలుగు సెంటీమీటర్లు. పదమూడైతే అది నిర్లక్ష్యం. పదిహేనైతే ఆడంబరం.

బురుల్ ఈ నియమావళిని బెదరకుండా చదివింది. ఆమె పట్నంలోని కుట్టు కార్ఖానాలో పనిచేస్తుంది. జిల్లాలో సగం మంది పిల్లల బడి దుస్తులు ఆమె మిషను కిందనుంచే పోతాయి. కూతురు బెగిమైకి ఏడో ఏడు. నడుం దాకా జుట్టు. పైగా జూన్‌లో తీసిన చీటీల్లో ఆ పిల్ల పేరే వచ్చింది. బడి తెరిచే సెప్టెంబరు ఒకటో తేదీన, బడి బడంతా వరుసల్లో నిలబడి చూస్తుండగా, ఒకరి భుజమెక్కి కూర్చుని ఆ ఏటి మొదటి గంట మోగించేది బెగిమై. ఆ కబురు తెలిసిన నాటినుంచి ఆ ఇంట్లో గిన్నె ఒకచోట, గరిటె ఒకచోట ప్రశాంతంగా ఉన్నది లేదు.

జూలైలో బురుల్ పిల్లను అత్తగారు సెయిల్కాన్ వెంట కొండమీది వేసవి మేతబీళ్లకు పంపింది. ఆగస్టు పన్నెండున గొర్రెలు, గుర్రాలు, అత్తగారు, కూతురు అందరూ క్షేమంగా దిగివచ్చారు. కూతురి జుట్టు మాత్రం నెత్తిమీద రాలేదు, ఒక గుడ్డ సంచిలో వచ్చింది.

"ఏంటిది అత్తయ్యా?" అంది బురుల్.

"గుండు."

"అది కనబడుతూనే ఉంది. ఎందుకు గీయించారని అడుగుతున్నా."

"బడికి పోయేలోగా ఒకసారి గీయిస్తే ఒత్తుగా వస్తుంది. లేకపోతే నీ జడ మాదిరే ఎలక తోకలాగా మిగిలిపోదూ?"

"ఇంకో ఇరవై రోజుల్లో గంట మోగించాలి అది. రెండు జడలుండాలి."

"గంట చేత్తో కదమ్మా మోగించేది," అంది సెయిల్కాన్, టీ గిన్నె అందుకుంటూ. (ఈ వ్యవహారం మొత్తంలో ఎవరైనా అన్న తెలివైన మాట ఇదొక్కటే. అందుచేత ఇది ఏ దస్త్రంలోనూ నమోదు కాలేదు.)

బెగిమై గుండు తడుముకుంది. "గాలి తగులుతుంటే చల్లగా ఉందమ్మా," అంది. తరువాత తల్లి ముఖం చూసి గొంతు తగ్గించింది. "గంట నాదే కదా?"

బురుల్ ఆ ప్రశ్నను మర్నాడు బడికి మోసుకుపోయింది.

బాహ్యరూప వ్యవహారాల ఉపప్రధానోపాధ్యాయురాలు టోక్తోబూబూ మనిషి చెడ్డది కాదు. బల్లమీద స్కేలు పెట్టుకుని కూర్చుంటుంది, అంతే. విషయమంతా విని, నియమావళి తిరగేసి, పన్నెండో అంశం మీద వేలు పెట్టింది.

"చూడమ్మా. ఆడపిల్లకు రెండు రిబ్బను పువ్వులు ఉండాలి అని ఉంది. జుట్టు లేకపోతే అక్కర్లేదు అని లేదు. అంటే ఉండాలి."

"దేనికి కట్టమంటారు, టీచరుగారూ?"

"అది తల్లిదండ్రుల బాధ్యత. ఇక్కడే రాసుంది."

"పోనీ, పువ్వులు కుట్టిన తెల్ల టోపీ పెడతాను."

"టోపీలు పదిహేడో అంశం కింద నిషేధం."

"సన్నటి బ్యాండు?"

టోక్తోబూబూ దీనికి కాసేపు నిజాయితీగానే ఆలోచించింది. "బ్యాండు అనేది జుట్టును అదిమి పెట్టేది. జుట్టు లేని తలమీద పెడితే అది తలను కప్పేదవుతుంది. తలను కప్పేది టోపీ. విగ్గు సంగతి మీరు అడక్కముందే చెబుతున్నా, పరాయి జుట్టు ఇరవై రెండో అంశం." స్కేలును బల్ల అంచుకు సమంగా జరిపి, కొంచెం మెత్తగా అంది. "జబ్బు చేసి జుట్టు పోయిందని డాక్టరు కాగితం తెస్తే మినహాయింపు ఉంది. శుక్రవారం లోపల తేకపోతే గంట ఇంకో పాపకు ఇస్తాం. మీ పాపను వెనక వరుసలో నిలబెడతాం. బాధపడకండి, వెనక వరుస కూడా బడే."

ఆసుపత్రిలో డాక్టరు బెగిమై నాలుక చూసింది, ఛాతీ విన్నది, గుండు మీద వేళ్లతో రెండుసార్లు తట్టింది. పిల్ల కిసుక్కున నవ్వింది.

"జబ్బేమీ లేదు. బండలాగా ఉంది," అంది డాక్టరు.

"జబ్బుందని రాయడానికి కుదరదా?"

"కుదురుతుంది. తామర అని రాయొచ్చు. కాని తామర ఉన్న పిల్లను బడిలోకి రానివ్వరు."

ఆ విధంగా, ఆరోగ్యంగా ఉన్నందుకు గంట లేకుండాపోయే, జబ్బుపడితే బడే లేకుండాపోయే స్థితికి బెగిమై చేరుకుంది. ఆ సాయంత్రం గిన్నెలు వాటి చోట్లలోనే ఉన్నాయి. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే బురుల్‌కి అన్నం సయించలేదు. సెయిల్కాన్ కూడా టీ రెండోసారి పోయించుకోలేదు.

గురువారం పొద్దున్నే ముసలామె సంచి చంకన పెట్టుకుని, కోడల్ని వెంటబెట్టుకుని బడికి బయలుదేరింది.

"ఏమే టోక్తో, బాగున్నావా?"

"బాగున్నాను పెద్దమ్మా. ఇది కార్యాలయం. కూర్చోండి."

"మీ అమ్మ నీకు మూడుసార్లు గుండు గీసింది. మూడోసారి తల పట్టుకున్నది నేనే. నా చెయ్యి కొరికావు."

టోక్తోబూబూ చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి తనంతట తనే తలమీది గట్టి కొప్పు దగ్గరికి వెళ్లి వచ్చింది. "అప్పట్లో నియమావళి లేదు, పెద్దమ్మా."

"సరే, నీ నియమావళే చెప్పు. పరాయి జుట్టు కూడదన్నావట. సొంత జుట్టు కూడదని ఉందా?" అంటూ సంచి విప్పి బల్లమీద పెట్టింది.

ఉపప్రధానోపాధ్యాయురాలు నలభై ఒక్క అంశాలూ మొదటినుంచి చదివింది. సొంత జుట్టు కూడదని ఎక్కడా లేదు. సాయంత్రం కమిటీ కూర్చుంది. సొంత జుట్టు తల మీద మొలిచి ఉండాలా, తలతో పాటు హాజరైతే చాలా అన్న విషయం మీద గంటన్నర చర్చించి, హాజరైతే చాలుననీ, దాన్ని పట్టి ఉంచే బట్ట బ్యాండే గాని టోపీ కాదనీ తీర్మానించింది. జుట్టు ఫలానా పిల్లదేనని గీయించినవారు సంతకం చెయ్యాలి. సెయిల్కాన్ సంతకం చేసి, గొర్రెలకు వేసే ఇంటి గుర్తును కూడా పక్కన గీసింది. దాన్ని ముద్రగా స్వీకరించారు.

తరువాతి రోజుల్లో బురుల్ కార్ఖానాలో తీరిక దొరికినప్పుడల్లా ఆ జుట్టును పాయలుగా సర్ది, రెండు జడలుగా అల్లి, తెల్లని సన్నటి బట్టమీద కుట్టింది. దానికి పొగ వాసన, గడ్డి వాసన వేస్తోంది. కొలత చూద్దామని పిల్లను ముందు నిలబెట్టి బట్ట తలకు చుట్టింది. అరచేతి కింద ఆ గుండు పొద్దునపూట రొట్టెలా వెచ్చగా తగిలింది. నిజానికి దీనికి ఏమీ తక్కువ లేదు కదా అనిపించి, వెంటనే ఆ ఆలోచన పక్కన పెట్టి, పువ్వుల వెడల్పు కొలిచింది. పద్నాలుగు.

సెప్టెంబరు ఒకటిన బడి ముందు బూరలు ఊదారు. ఆనవాయితీ ప్రకారం గంట మోగించే పాపను మోయవలసింది పదకొండో తరగతి విద్యార్థి. అతని జుట్టు కాలరుకు తగిలిందని గేటు దగ్గరే ఆపేశారు. కాబట్టి వ్యాయామం మాస్టారు జుమాకాదిర్ మోశాడు. ఆయనకు నున్నటి బట్టతల (ఉద్యోగుల తలలు వేరే నియమావళి కిందికి వస్తాయి).

భుజమెక్కి కూర్చున్న బెగిమై ఆ తలను పైనుంచి శ్రద్ధగా చూసింది. "మాస్టారూ, మీకూ మీ నాయనమ్మే గీయించిందా?"

"కాదమ్మా. ఉద్యోగం," అన్నాడాయన.

గంట బరువుగా ఉంది. పిల్ల రెండు చేతులా పట్టుకుని ఊపింది. మూడో ఊపుకు బట్ట జారి కళ్లమీదికి వచ్చింది. ఐదో ఊపుకు జడలు ముక్కుకు అటూ ఇటూ వేలాడాయి. తల్లిదండ్రుల వరుసలో బురుల్ మునివేళ్ల మీద లేచింది. బెగిమై ఒక్క క్షణం ఆగి, జడలను పువ్వులతో సహా లాగి, మాస్టారి నెత్తిమీద పెట్టి, మళ్లీ గంట అందుకుంది. ఆయన తల కదలకుండా నడిచాడు. మైదానమంతా నవ్వింది. టోక్తోబూబూ కూడా నవ్వబోయి, స్కేలు గుర్తొచ్చి దగ్గింది. ఆ పిల్ల మాత్రం ఎవరినీ చూడలేదు. ఎండలో మెరిసే గుండుతో, నోరంతా తెరిచి నవ్వుతూ, ఆపమని రెండుసార్లు చెప్పేదాకా మోగిస్తూనే ఉంది. సెయిల్కాన్ తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకుంటూ, "ఎండ," అంది కోడలితో.

మర్నాడు జిల్లా కార్యాలయానికి వెళ్లిన నివేదికలో, వేడుక సజావుగా జరిగిందనీ, జడలు రెండూ హాజరయ్యాయనీ, పువ్వులు పద్నాలుగేసి సెంటీమీటర్లు ఉన్నాయనీ రాశారు. పిల్ల గురించి నియమావళిలో ఏ అంశమూ లేదు కనుక ఏమీ రాయలేదు.