ఏడో తరగతి బి సెక్షన్, పదిహేడో నంబరు

రాళ్ళబావి ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు పాతికేళ్ళు నిండాయి. ఈ సందర్భంగా రజతోత్సవం జరపాలనీ, పాఠశాల చరిత్రను పుస్తకంగా అచ్చు వేయాలనీ, అందులో పాఠశాల సాధించిన విజయాలన్నీ పేర్కొనాలనీ పంతొమ్మిది వందల ఎనభై జూన్‌లో ఉపాధ్యాయుల సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ విజయాలు ఏమిటన్న ప్రశ్నను తర్వాతి సమావేశానికి వాయిదా వేశారు.

చరిత్రకు మాత్రం లోటు లేదు. ఛత్రినాక వెనక గల్లీలో ఒక జాగీర్దారు తన గుర్రాలన్నీ అమ్ముకున్నాక ఖాళీ తబేలాను విద్యాశాఖకు తాత్కాలికంగా ఇచ్చాడు. ఆ తాత్కాలికానికే ఇప్పుడు పాతికేళ్ళు. గుర్రాలను కట్టేసిన ఇనుప కడియాలు గోడలకు ఇంకా ఉన్నాయి, పిల్లలు సంచులు తగిలించుకుంటారు. గదుల మధ్య గోడలు గుర్రాల ఎత్తు వరకే కట్టారు కాబట్టి ఒకటో తరగతి ఎక్కాలు ఏడో తరగతికీ, ఏడో తరగతి తిట్లు ఒకటో తరగతికీ సమానంగా అందుతాయి. సైన్సు గది తాళంచెవి అరవై మూడులో పోయింది. తాళం పగలగొట్టడానికి అనుమతి కోరుతూ రాసిన ఉత్తరానికి జవాబు రావలసి ఉంది. లోపల ఏముందో ఎవరికీ తెలియదు కనుక ఏటా 'పరికరాలన్నీ భద్రం' అని రాసి పంపుతున్నారు. అది అబద్ధమని నిరూపించినవారు ఇంతవరకు లేరు.

అయితే ఈ పాఠశాల అసలు గొప్ప భవనంలో లేదు, హాజరుపట్టీలో ఉంది. నలభై పేర్లుంటే సెక్షను ఉంటుంది, నలభై ఒకటో పేరుకు చోటుండదు. సెక్షనుంటే టీచరు ఉంటారు. ముప్పై తొమ్మిదికి దిగితే సెక్షనూ పోతుంది, టీచరూ ఏ అడవి జిల్లాకో బదిలీ అవుతారు. అందుచేత ఇక్కడ పిల్లలు బడి మానేయవచ్చు గానీ పేర్లు మానడానికి వీల్లేదు. ఏ తరగతిలో పిల్ల మానేస్తే ఆ తరగతిలోనే పేరు నిలిచిపోతుంది. పై తరగతికి పంపితే ఎప్పుడో ఒకప్పుడు పదో తరగతి పరీక్ష దాకా వెళ్తుంది, అక్కడ పేరుతో పాటు మనిషి కూడా కావాలంటారు. తనిఖీ రోజున మాత్రం పక్క గల్లీల నుంచి పిల్లలను పిలిపించి, పేరుకు ఒకరి చొప్పున కూచోబెట్టి, వెళ్ళేటప్పుడు తలా ఒక అరటిపండు ఇస్తారు.

ఇంతటి చరిత్ర గల బడికి జూన్ చివరి వారంలో రాజమణి వచ్చింది. చంకలో రెండేళ్ళ కొడుకు, చెయ్యి పట్టుకుని అయిదేళ్ళ కూతురు సుగుణ. రాజమణికి ఇరవై ఒకటి నిండాయి. పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆమెకు భయపడటమే పని. సుగుణ తుమ్మితే జ్వరమనుకునేది, తుమ్మకపోతే లోపలే ఏదో ఆగిపోయిందనుకునేది. అన్నిటికన్నా పెద్ద భయం చదువు గురించి. తను ఏడో తరగతి మధ్యలో మానేసింది. తల్లి ఆస్పత్రిలో పడితే తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావలసి వచ్చింది, అంతే. ఇప్పుడు ఆమె బస్సు మీది బోర్డు కూడబలుక్కుని చదివేలోపు బస్సు చార్మినార్ చేరుతుంది. కూతురైనా బస్సు కదలకముందే చదవాలని ఆమె కోరిక.

అంతకు ముందు వారం మాదన్నపేటలో టై కట్టే బడికి వెళ్ళింది. అక్కడ పిల్లకు పరీక్ష పెట్టారు, తల్లికీ పెట్టారు. సుగుణ అన్నిటికీ జవాబు చెప్పింది. తల్లిని 'మీరేం చదివారు' అని అడిగేసరికి రాజమణి గాభరాపడి బల్ల మీద పెద్దమేడం కోసం పెట్టిన మంచినీళ్ళు తాగేసింది. పిల్ల పాసు, తల్లి ఫెయిలు. సీటు రాలేదు. ఇక మిగిలింది తబేలా బడి ఒక్కటే.

ప్రధానోపాధ్యాయుడు రాధాకృష్ణమూర్తి గారు గుంటూరు నుంచి ఉద్యోగరీత్యా వచ్చినవారు. చరిత్ర పుస్తకానికి ముందుమాట రాసుకుంటూ తలెత్తకుండానే చెప్పారు.

"ఒకటో తరగతి నిండిపోయిందమ్మా. వచ్చే ఏడు చూద్దాం."

రాజమణి కిటికీలోంచి ఒకటో తరగతి గది చూసింది. గదిలో పదకొండు మంది పిల్లలు, ఒక మేక.

"సార్, జాగ మస్తుగున్నది కద?"

"ఖాళీ గదిలో ఉందమ్మా, రిజిస్టర్లో లేదు. పిల్లలు కూచునేది గదిలోనే గానీ చేరేది రిజిస్టర్లో."

రాజమణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గంట కొట్టడానికి వెళ్తున్న అటెండరు ఇశ్రాయేలు ఆగాడు. బడి పుట్టిన నాటి నుంచి ఉన్నవాడు అతనొక్కడే.

"ఏంది బిడ్డా, గట్ల ఏడుస్తవు? నువ్వు మా బడిల సదివినదానివే కద. సార్, ఈ ఏడు జూబిలీ గదా, పాత ఇద్యార్థుల పిల్లలకు ఒక సీటు ఎక్కువ ఇయ్యొచ్చని కాయితం వచ్చె గదా."

మూర్తి గారు కాగితం వెతికారు, ఉంది. రాజమణి పేరు వెతికారు. బడి వదిలినవారి రిజిస్టర్లలో లేదు. ఈ ఏటి హాజరుపట్టీలో ఉంది. ఏడో తరగతి బి సెక్షన్, పదిహేడో నంబరు. ఆ రోజు కూడా హాజరు.

విషయం చిక్కుల్లో పడిందని మూర్తి గారు గంభీరంగా ప్రకటించారు. పాత విద్యార్థి అంటే బడి వదిలి వెళ్ళినవారు. రాజమణి వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళుగా నూటికి తొంభై ఆరు రోజులు హాజరవుతూనే ఉంది. చదువుతున్న బాలిక కూతుర్ని చేర్చుకోవడానికి నిబంధనల్లో దారి లేదు. పైగా ఏడో తరగతి బాలికకు ఇద్దరు పిల్లలని తెలిస్తే పాఠశాలకు ఎంత అప్రతిష్ఠ?

ఇక్కడ రాజమణికి కోపం వచ్చి ఉంటుందని చదువరులు అనుకుంటారు. రాలేదు. ఆమె రిజిస్టరు దగ్గరికి జరిగి, తన పేరును వేలితో తడిమి చూసుకుంది. తొమ్మిదేళ్ళుగా తనను ఎవరూ తలచుకోలేదనుకుంది గానీ, రోజూ పొద్దున పదింటికి తలచుకుంటూనే ఉన్నారు. పక్కనే మార్కుల పట్టీ కనబడింది. తెలుగు నలభై ఒకటి, లెక్కలు తొమ్మిది. పెద్దపరీక్షకు ఏటా జ్వరం.

"ఇంట్ల కూసున్నగూడ లెక్కల్ల ఫెయిలేనా నేను?" అంది, మనసు కష్టపెట్టుకుని.

"నీ పాత మార్కులు చూసే వేశానమ్మా, ఏమీ తగ్గించలేదు," అంది లోపలికి వచ్చిన శారదాంబ టీచరు. ఏడు బి ఆమెదే. ఆ సెక్షనులో సరిగ్గా నలభై పేర్లు, వాటిలో మనుషులున్నవి పద్నాలుగు. రాజమణి పేరు కొట్టేస్తే తన ఉద్యోగం ఎక్కడ తేలుతుందో ఆమెకు తెలుసు. "నిన్ను తొమ్మిదేళ్ళు నా క్లాసులో ఉంచుకున్నానే, ఒక్కనాడైనా కొట్టానా? నాకూ ముగ్గురు పిల్లలున్నారు రాజమణీ."

రాజమణి ఆలోచించింది. నిజమే, ఒక్కనాడూ కొట్టలేదు. సిగ్గుపడి తల దించుకుంది.

చివరికి దారి ఇశ్రాయేలు చూపించాడు. ఒకటో తరగతి ఎనిమిదో నంబరు రాహేలు. పోయిన ఏడు చేరింది, మగ్గం పని వెతుక్కుంటూ ఆ కుటుంబం భివండి వెళ్ళిపోయింది. పేరు ఇక్కడే ఉంది. సుగుణ ఆ పేరు మీద కూచోవచ్చు. బదులుగా, రజతోత్సవం నాడు తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నారు కాబట్టి రాజమణి కూడా వచ్చి తన పేరు మీద తానే కూచోవాలి. ఎవరి పేరుకు వారే పలకడం పాఠశాల చరిత్రలో అరుదైన సంఘటన అవుతుందని మూర్తి గారు సంతోషించారు.

ఇంట్లో అత్త సక్కుబాయి మాత్రం సంతోషించలేదు. "మనుమరాలు మనింట్ల ఎల్లమ్మ బోనం ముంగట నడుస్తది, బడికి పోయి రాహేలంటే పలుకుతదా? నీ పెనిమిటికి ఏమని చెప్తవే?"

"సీటు దొరికింది కద అత్తా. పేరుదేముంది, పది ఏండ్లే కద," అంది రాజమణి. ఆ తెలివి తనకే ముచ్చటేసింది.

ఆ రోజు నుంచి సుగుణకు ఇంట్లో చదువు మొదలైంది.

"నీ పేరేంది?"

"సుగుణ."

"అది ఇంట్ల. బడిల?"

"బడిల గూడ నేనే కద అమ్మా!"

రాజమణి తల పట్టుకుంది. పిల్ల మొండిదనీ, పైకి రాదనీ, ఇదంతా తన పోలికేననీ బెంగపడింది. మూడు వారాలకు సుగుణ రాహేలు అంటే 'ప్రెజెంట్ సార్' అనడం నేర్చింది, అప్పుడప్పుడు మరిచిపోతూ.

రజతోత్సవం రోజు వచ్చింది. తబేలా గేటుకు రంగుకాగితాల తోరణాలు కట్టారు. గాజుల బట్టీల నుంచి, కూరగాయల బండ్ల దగ్గరి నుంచి విద్యార్థులు సమకూరారు. రాజమణి కొడుకును అత్త దగ్గర వదిలి, రెండు జడలు వేసుకుని, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని, మరదలి లంగా ఓణీలో వెనక బల్ల మీద కూచుంది. "నువ్వేం పెద్దదానిలా కనబడవులే," అని శారదాంబ అన్న మాటకు పొద్దుటి నుంచి మురిసిపోతూనే ఉంది. పక్క పిల్ల మోచేత్తో పొడిచింది.

"అక్కా, పుస్తెలు కనవడుతున్నయ్."

రాజమణి పుస్తెలను ఓణీ లోపలికి తోసింది.

అధికారి వచ్చారు. పేర్లు ఆయనే పిలిచారు. "పదిహేడు, రాజమణి."

"ప్రెజెంట్ సార్!"

తొమ్మిదేళ్ళ తర్వాత తన పేరుకు తాను పలికింది. కళ్ళు చెమర్చాయి. ఒక్క క్షణం నిజంగానే పన్నెండేళ్ళ పిల్లననుకుని, లెక్కలు చేయలేదేమో అని భయపడింది కూడా.

అధికారి గోడ అవతలికి, ఒకటో తరగతికి వెళ్ళారు. ఏడో నంబరు పలికింది.

"ఎనిమిది, రాహేలు."

చప్పుడు లేదు.

"రాహేలు!"

గోడకు ఇవతల రాజమణికి అర్థమైంది. పిల్ల మరిచిపోయింది. సీటు పోతుంది. పిల్ల తనలాగే బస్సుల వెంట నోరు తెరుచుకుని నిలబడుతుంది. మూడోసారి పిలుపు పూర్తికాకముందే ఆమె లేచి నిలబడి గట్టిగా అరిచింది.

"ప్రెజెంట్ సార్!"

గోడ మీదుగా అధికారి తల కనబడింది.

"ఎవరది? నువ్వు ఏడో తరగతి కదూ? ఒకటో తరగతి పిల్లకు నువ్వెందుకు పలికావు? నీకేమవుతుంది?"

మూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. శారదాంబ టీచరు సుద్దముక్కను విరిచి, విరిచిన దాన్ని మళ్ళీ విరిచింది. కూతురని చెబితే రాజమణి పేరు పోతుంది, సెక్షను పోతుంది, ముగ్గురు పిల్లల తల్లి శారదాంబ పోతుంది, అన్నిటికన్నా ముందు సుగుణ సీటు పోతుంది.

"చెల్లె, సార్," అంది రాజమణి.

గోడ అవతలి నుంచి ఏడుపుగొంతు వినిపించింది. "అమ్మా! రాహేలు నేనే అని మర్షిపోయిన అమ్మా!"

అధికారి రాజమణి వైపు చూశారు. ఓణీలోంచి మళ్ళీ బయటికి వచ్చిన పుస్తెల వైపు చూశారు. ప్రధానోపాధ్యాయుల గదిలో ఆకులు పరిచి ఉన్న భోజనాల వైపు కూడా చూశారు. ఆయన ముప్పై ఏళ్ళ అనుభవం గలవారు. గొంతు సవరించుకుని, తనిఖీని అక్కడికక్కడే ఉపన్యాసంగా మార్చారు.

"చూశారా మూర్తి గారూ! పెద్దక్కను అమ్మా అని పిలిచే సంస్కారం ఇంకా మన పేటల్లో బతికే ఉంది. తాను చదువుకుంటూ, చెల్లెలి హాజరు బాధ్యత కూడా మోస్తున్న ఈ బాలిక దేశానికి ఆదర్శం. ఇక చిన్నపిల్లలు తమ పేరు మరిచిపోవడం అన్నది బాలల మనస్తత్వం. దీన్ని నా నివేదికలో ప్రత్యేకంగా పేర్కొంటాను."

అందరూ చప్పట్లు కొట్టారు. సుగుణకు ఏడుపు ఆపమని అరటిపండు ఇచ్చారు.

సాయంత్రం సభలో ఆయన నివేదికలోని ముఖ్యాంశాలు చదివి వినిపించారు. ఈ పాఠశాలలో అన్ని తరగతులూ పూర్తిగా నిండి ఉన్నాయనీ, హాజరు నూటికి నూరు శాతమనీ, అంటే ఈ పేటలో బడి బయట పిల్లలెవరూ లేరని రుజువైందనీ అన్నారు. రెండేళ్ళుగా నలుగుతున్న ఒక పాత ప్రతిపాదనను కూడా ఈ శుభదినాన రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. రాళ్ళబావికి నాలుగు గదులతో కొత్త బడి కట్టాలన్న ప్రతిపాదన అది. ఇక అవసరం లేదు. అరటిపండ్లు తింటున్న బట్టీ పిల్లలు, తమ గురించేనని తెలియకపోయినా, అందరితో పాటు చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది రాజమణి. పిల్ల సీటు నిలిచిందన్న సంతోషంలో ఆమెకు మిగతావేవీ చెవిన పడలేదు. పడినా కొట్టేదే.

జనం వెళ్ళిపోయారు. రాజమణి రిబ్బన్లు విప్పి చేతికి చుట్టుకుంటూ ఇశ్రాయేలు దగ్గరికి వచ్చింది. రిజిస్టర్లు బీరువాలో పెడుతున్నాడు. ఆమెకు అప్పుడే కొత్త భయం పుట్టుకొచ్చింది.

"అన్నా, ఇంకో మూడేండ్లయితే మా చిన్నోనికి బడి ఈడొస్తది. అప్పటికి పేరు దొరుకుతదా?"

"ఇప్పటికైతే అన్నిట్ల మనుషులో, పేర్లో ఉన్నరు బిడ్డా. ఎవలన్న మానాలె."

రాజమణి ఒకటో తరగతి పట్టీ తెరిపించి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ కిందికి వచ్చింది. పిల్లకు చెప్పీ చెప్పీ ఈ మూడు వారాల్లో తనకూ చదవడం కాస్త వేగంగానే వస్తోంది. ఒక చోట వేలు ఆగింది.

"ప్రకాశం. పేరు మంచిగున్నది. ఎవలి పిల్లగాడు?"

"రామలింగయ్య కొడుకు. హుషారు పిల్లగాడమ్మా. ఒక్కనాడు నాగా పెట్టడు."

"వాళ్ళ నాయిన సంగతి నాకు ఎర్కనే," అంది రాజమణి గొంతు తగ్గించి. "ఈ ఏడు దాటనియ్యడు తియ్, బడి మాన్పించి గాజుల బట్టీల పెడతడు. గా పేరు ఎవలికీ ఇయ్యకు అన్నా. మావోనికి పెట్టు."

ఇశ్రాయేలు పెన్సిలుతో ఆ పేరు పక్కన చిన్న చుక్క పెట్టాడు. చాలా రోజుల తర్వాత రాజమణికి మనసు నిమ్మళమైంది.