ఈగకు మఫ్లరు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. పేరమ్మ కీడెంచేసరికే పొద్దు గూకేది, మేలెంచడానికి తీరిక దొరికేది కాదు. అయినా ఆ గురువారం పొద్దున ఆమె వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. దొరగారు బయటికి వెళ్లగానే వెనక గది తుడిచెయ్యాలి. చింతపండు నానేసి వంజరం ముక్కలు పులుసు పెట్టాలి. ఆ రాత్రి విమానమెక్కి తన దేశం వెళ్తున్న దొరగారికి కడుపునిండా వడ్డించాలి. చేపల పులుసు తిని వెళ్లిన మనిషి తిరిగొచ్చాక తన కొడుకు వీసా మీద సంతకం పెట్టకుండా ఉండలేడని ఆమె ఆశ.

కొడుకు అంజిబాబు వీసా ఆ అక్టోబరుతో అయిపోతుంది. సంగతి చెబితే హార్పర్ దొర, వ్యాపారం పెద్దగా లేదు, చేపలు పట్టుకుని వచ్చాక చూద్దాం అన్నాడు. వేరే వాళ్లకైతే 'చూద్దాం' అంటే చూద్దామనే. పేరమ్మకు మాత్రం ఆ మాటలో క్యాన్సిల్ చేసిన కాగితమూ, బొంబాయి విమానమూ, ఊళ్లో జనం ముందు తల వంచుకుని నడుస్తున్న కొడుకూ వరసగా కనిపించారు.

దొర కొట్టు అజ్మాన్ సముద్రపు ఒడ్డున, వ్యాపారానికి పూచీ ఉండే ఒక అరబ్బు కఫీల్ పేరు మీద నడిచేది. ముందు కొట్టు, వెనక దొర కాపురం. కోనసీమ నుంచి వచ్చిన తల్లీ కొడుకుల్లో ఒకరిది వంటిల్లు, ఒకరిది కొట్టు. దొర దేశంలో ఆకులు రాలే కాలానికి చల్లటి ఏటి నీళ్లలో ట్రౌట్ అనే చేప బాగా పడుతుందట. దుబాయ్‌లోనూ షార్జాలోనూ ఉద్యోగాలు చేసే తెల్లవాళ్లు ఎండాకాలమంతా ఆ చేపను తలుచుకుంటూ చెమటలు కక్కి, సెలవు దొరకగానే ఈ కొట్లో గాలాల సామాన్లన్నీ ఊడ్చుకుని వెళ్లేవాళ్లు. బోర్డు మీద అరబ్బీ కింద ఇంగ్లీషులోనూ హిందీలోనూ 'ఫ్లై షాప్' అని రాసి ఉండేది. గల్ఫుకు వచ్చిన మనవాళ్లకు ఫ్లై అంటే ఒకటే అర్థం. అప్పుడప్పుడు ఎవరో ఒక కూలీ లోపలికొచ్చి బొంబాయి టికెట్ ఎంత అని అడిగేవాడు. అంజిబాబు గాలాలు చూపించి పంపేవాడు.

ఆ రోజు అంజిబాబు దొరగారి టికెట్ తేవడానికి దుబాయ్ వెళ్లాడు. దొర కఫీల్‌కు చెప్పి రావడానికి డ్రైవరు ఖాదర్ హుస్సేన్‌తో వ్యానులో వెళ్లాడు. పేరమ్మ చీపురు పట్టుకుని వెనక గదిలో అడుగు పెట్టింది. ఆ గది ఎప్పుడూ కొడుకే తుడిచేవాడు. ఆమె లోపలికి రావడం అదే మొదలు.

బల్ల మీద నల్లకోడి ఈకలున్నాయి. ఎర్ర దారం ఉంది. మైనం ఉంది. ఏదో జంతువు బొచ్చు ఉంది. చిన్న పట్టకారులో బిగించిన ఇనుప కొక్కేనికి సగం ఈక చుట్టి ఉంది. పక్కన రేకు డబ్బా తెరిస్తే అలాంటివే నిండుగా, వరసలు వరసలుగా ఉన్నాయి. గోదావరి పాయ పక్కన పుట్టిన మనిషికి గాలం కొత్త కాదు. గాలానికి ఎరగా వానపామును గుచ్చుతారు, మహా అయితే రొయ్య గుచ్చుతారు. ఈకలూ బొచ్చూ ఎర్ర దారమూ మైనమూ ఒక చోట చేర్చేది చేపల కోసం కాదు. అది ఎందుకో ఆమెకు తెలుసు. ఆ పేరు మాత్రం నోటితో అనలేదు.

అయినా ఇంకొకరి మీద చేయించినదై ఉండొచ్చని మనసుకు సర్దిచెప్పుకుంటూ ఉండగా, పట్టకారులో ఉన్న కొక్కేనికి చిలకాకుపచ్చ ఉన్ని పోగు కనిపించింది. అది అంజిబాబు మఫ్లరుది. ఎడారిలో రాత్రుళ్లు చలి పెడుతుందని ఎవరో చెబితే కాకినాడలో ఆమే కొని, తనకంటే ముందు బయల్దేరినవాడి మెడకు చుట్టి పంపింది. కొడుకు దాన్ని ఎప్పుడూ కట్టుకోలేదు, అడిగితే భద్రంగా ఉందనేవాడు. మనిషి బట్ట పోగు దొరికితే ఇంకేం కావాలి చేసేవాళ్లకు?

పేరమ్మ కాళ్లు ఆమెను పెరటి గోడ దగ్గరికి తీసుకుపోయాయి. గోడకు అవతల అరబ్బుల ఇంట్లో పనిచేసే చిట్టెమ్మది అమలాపురం దగ్గర. ఆమెకు ఇలాంటి విషయాల్లో మంచి పేరుంది.

"దొరేంటి వదినా, చేతబడేంటి?" అంది చిట్టెమ్మ, బట్టలారేస్తూ.

"నువ్వు చూడలేదే. నల్ల ఈకలు, మైనం, నా కొడుకు మఫ్లరు పోగు. వీసా అడిగిన దగ్గర్నించీ ఆయన మొహం అదోలా ఉంది."

చిట్టెమ్మ బట్టలు వదిలేసింది. నిప్పులో వెయ్యకూడదని, మట్టిలో పాతకూడదని, పారే నీళ్లలో కలిపెయ్యాలని తేల్చింది. ఆ దేశంలో పారే నీళ్లెక్కడున్నాయి? సముద్రం పారదు, అక్కడే ఉంటుంది. ట్యాంకరు నీళ్లు పట్టుకునేవే. ఇద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి ఏళ్లూ కాలవలూ అన్నీ తలుచుకున్నారు.

"బాత్రూంలో గొలుసు లాగితే పారతాయి కదా వదినా," అంది చిట్టెమ్మ చివరికి.

పేరమ్మ డబ్బా తెచ్చి, కళ్లు మూసుకుని, మూడుసార్లు దిష్టి తిప్పి, అన్నీ కమోడులో గుమ్మరించి గొలుసు లాగింది. కొన్ని వెళ్లాయి. కొన్ని తిరిగి తేలాయి. మళ్లీ లాగింది. నీళ్లు గుర్రుమన్నాయి గాని లోపలికి దిగలేదు. చెడు అంత సులువుగా పోతుందా అనుకుంది గాని, కొక్కేలు గొట్టంలో ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయని ఆమెకు తట్టలేదు.

ఖాళీ డబ్బా ఊరికే పెడితే చేసినవాడు మళ్లీ నింపుతాడు. దానికో రక్ష కావాలి. బల్ల మీది కొక్కేల్లో ఒక కొత్తది తీసింది, ఇనుము ఏదైనా ఇనుమే. మఫ్లరు పోగును ఊడదీసి దానికి చుట్టింది. తన తలలోంచి నెరిసిన వెంట్రుకలు నాలుగు లాగి చేర్చింది. తల్లి వెంట్రుకను మించిన కాపుదల లేదు. పసుపు రాసిన దారంతో బిగించి ముడులు వేసి డబ్బాలో పెట్టింది. అప్పుడు వెళ్లి చింతపండు నానబెట్టింది.

మధ్యాహ్నానికి దొర వచ్చాడు. నేరుగా వెనక గదిలోకి వెళ్లి, డబ్బాతో వంటింట్లోకి వచ్చాడు. అందులో ఉండవలసినవి దొర వేసవంతా కూర్చుని కట్టుకున్నవి. కొట్లో అమ్మకానికి ఉన్నవి ఎప్పుడో అమ్ముడైపోయాయి. దొర, ఫ్లైలు ఎక్కడని మెల్లగానే అడిగాడు. వెనకే వచ్చిన ఖాదర్ హుస్సేన్‌ది నిజామాబాదు, ఇంగ్లీషు సగం తెలుసు.

"అక్కా, ఈగలేడ ఉన్నయని అడుగుతుండు."

పేరమ్మకు రోషం వచ్చింది. ప్రయాణం పెట్టుకుని వంటింటి శుభ్రం తనిఖీ చేస్తాడా? "ఒక్కటి కూడా లేదని చెప్పు తమ్ముడూ. కనబడినదాన్ని కనబడినట్టే చంపేస్తున్నాను."

ఖాదర్ హుస్సేన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. దొర పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"అన్నీనా అంటుండు."

"అన్నీను. వెనక గది కూడా ఇవాళే దులిపేశాను."

"ఎందుకు సంపినవ్ అంటుండు."

"ఎందుకేంటి తమ్ముడూ, అన్నం మీద వాలితే రోగాలు రావూ?"

ఈ మాట ఇంగ్లీషులోకి వెళ్లాక దొర డబ్బా మూత మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. అంతలో బాత్రూం తలుపు కింది నుంచి నీళ్లు సన్నగా వచ్చాయి. వాటి మీద ఒక నల్ల ఈక కొక్కెం, తేలవలసిన పద్ధతిలోనే నిటారుగా తేలుతూ, దొర బూటు దగ్గరికి వచ్చి ఆగింది. చాలా బాగా కట్టినదని తెలుస్తూనే ఉంది.

ఖాదర్ హుస్సేన్ చొక్కా చేతులు మడిచి గొట్టంలో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండిపోయింది. దొర పట్టకారు తెచ్చి వేలిలోంచి కొక్కెం ఊడదీసేసరికి నీళ్లు కొట్టు దాకా వెళ్లాయి.

"మోరిల శాపలు వడ్తయని గాలమేసినవా అక్కా?" అన్నాడు ఖాదర్ హుస్సేన్ వేలికి గుడ్డ చుట్టుకుంటూ.

పేరమ్మ చూపంతా దొర మీద ఉంది. దొర డబ్బాలో మిగిలిన ఆ ఒక్కదాన్నీ తీసి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మళ్లీ డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నాడు. సాక్ష్యం, అనుకుంది పేరమ్మ. తర్వాత దొర ఫోను దగ్గరికి వెళ్లి ఎవరితోనో గట్టిగా మాట్లాడాడు. ఆమెకు తెలిసినవి అందులో మూడే మాటలు: ఫ్లై, అంజీ, టునైట్.

దుబాయ్‌లో ఉన్న స్నేహితుడి ఇంటికి ఫోను చేసి, అక్కడ ఫ్లైలు ఏమైనా ఉంటే అంజీ వచ్చి తీసుకుంటాడు, ఈ రాత్రికే కావాలి అని దొర అడుగుతున్నాడు. స్నేహితుడు అప్పటికే ఊరెళ్లిపోయాడని అవతల నుంచి ఎవరో చెప్పారు. ఇవేవీ పేరమ్మకు తెలియవు. ఆమెకు తెలిసిందల్లా, అంజీని ఈ రాత్రికే విమానం ఎక్కించేస్తున్నారు.

ఆమె ఏడవలేదు. అంత తీరిక లేదు. కొడుకు పెట్టె తెరిచి చొక్కాలు సర్దింది. దారిలో తినడానికి కారప్పూస మూట కట్టింది. పెట్టె అడుగున సగానికి సగం విప్పేసిన మఫ్లరు దొరికితే దాన్నీ పైన పెట్టింది, విమానంలో చలి అని. అంతలో అంజిబాబు చేతిలో టికెట్‌తో గుమ్మంలోకి వచ్చాడు. దాన్ని చూడగానే ఆమె పెట్టె మూత వేసి దాని పక్కన నేల మీద కూర్చుంది.

"నీ టికెట్ నీ చేతే తెప్పించారట్రా."

"ఇది దొరగారిదమ్మా. ఆ పెట్టె ఎవరిది?"

ఆమె మొదటి నుంచీ చెప్పింది. వింటూ ఉంటే అంజిబాబు మొహం రకరకాలుగా మారింది. చివరికి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అవి ఈగలమ్మా. దొంగ ఈగలు. ఆ చేప నీళ్ల మీద వాలే ఈగల్ని తింటుంది. ఈకలతో ఈగలా కట్టి దాన్ని మోసం చేస్తారు. అదే ఫ్లై అంటే."

పేరమ్మ పెట్టెలోంచి సగం మఫ్లరు తీసి చూపించింది.

"మరి ఈగకు మఫ్లరెందుకురా?"

"పచ్చ ఉన్ని కావాలంటే నేనే ఇచ్చాను. ఈ ఎండలో మఫ్లరు నేనేం చేసుకుంటాను?"

చేతబడి కాదని తెలిసి ఆమెకు ప్రాణం కుదుటపడాలి. పడలేదు. చేతబడి అయితే తప్పు దొరది. ఇప్పుడు తప్పంతా తనది. దొర వేసవి కష్టం గొట్టంలో పోసింది తను, డ్రైవరు వేలు చీల్చింది తను, కొడుకు వీసా తన చేత్తో తనే కడిగేసింది. దొర పులుసు తిన్నాడు, బాగుందని కూడా అన్నాడు. వీసా మాట మాత్రం ఎత్తకుండా ఆ రాత్రి వెళ్లిపోయాడు.

ఆయన తిరిగొచ్చేదాకా పేరమ్మ కొడుకు పెట్టె విప్పలేదు. అంజిబాబు రోజూ అందులోంచి చొక్కా తీసుకునేవాడు, ఆమె ఉతికి మళ్లీ అందులోనే సర్దేది. ఖాదర్ హుస్సేన్ వంటింట్లోకి వచ్చినప్పుడల్లా వేలు చూపించి చాయ్ అడిగేవాడు. ఆమె అడక్కుండానే రెండో కప్పు ఇచ్చేది.

అక్టోబరులో దొర దిగాడు. వస్తూనే తల్లినీ కొడుకునూ కొట్లోకి పిలిచాడు. పేరమ్మ కొంగు కప్పుకుని, క్షమించమనే మాట ఇంగ్లీషులో వల్లె వేసుకుంటూ వెళ్లింది. దొర బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. ఏటి ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో దొర, చేతుల్లో మచ్చల చేప. దాని పెదవికి చిలకాకుపచ్చ ఉన్ని, నెరిసిన వెంట్రుకలు.

దొర చెబుతుంటే అంజిబాబు తెలుగులో చెప్పాడు. అక్కడ కొన్న ఈగల్ని ఆ చేపలు ముట్టలేదట. ఆఖరి సాయంత్రం విసుగెత్తి, డబ్బాలో మిగిలిన ఆ వింత ఈగను విసిరాడట. ఆ ఏట్లో అంత చేప తాతల నాటి నుంచీ పడలేదట.

"పులుసు పెట్టుకున్నారా?" అని అడిగింది పేరమ్మ.

"మళ్లీ నీళ్లలో వదిలేశారటమ్మా."

అంత చేపను వదిలేసిన మనిషికి తల సరిగ్గా ఉందా అని ఆమెకు కొత్త భయం పుట్టింది. దొర మాత్రం చాలా తెలివిగానే మాట్లాడాడు. ఆ ఫోటో చూసిన వాళ్లందరూ అలాంటి ఈగే కావాలంటున్నారు. అదే ఉన్ని, అదే పసుపు దారం, అవే వెంట్రుకలు ఉండాలి. కొడుకు వెళ్లిపోతే తల్లి వెళ్లిపోతుంది, తల్లి వెళ్లిపోతే ఆ జుట్టు వెళ్లిపోతుంది. అందుకని అంజిబాబు వీసా కాగితం మీద అక్కడికక్కడే సంతకం చేసి ఇచ్చాడు.

పేరమ్మ కాగితం కళ్లకద్దుకుని ఇంట్లోకి వచ్చి, పెట్టె విప్పి చొక్కాలు అలమారలో పెట్టింది. పెట్టాక గుమ్మంలో నిలబడిపోయింది.

"ఒరేయ్, నెరిసిన వెంట్రుకలన్నీ అయిపోతే?"

"నువ్విలాగే భయపడుతూ ఉండమ్మా," అన్నాడు అంజిబాబు. "సరుక్కి లోటుండదు."

ఆ సాయంత్రమే ఆమె వెనక గదిలో కూర్చుని ఈగలు కట్టడం మొదలెట్టింది. నిండిన డబ్బాకు దిష్టి తగలకుండా పైన ఒక నిమ్మకాయ పెట్టింది. దొర వచ్చి దాన్ని కోసి టీలో పిండుకున్నాడు.