డాక్టరమ్మను పొగడొద్దు

ఆర్మూరులో ఒక డాక్టరు హస్తవాసి మంచిదని తేలితే, ఆయన్ను ఇంకా వైద్యానికే వాడుకోవడం పెద్ద దుబారా. అటువంటి డాక్టరును వెంటనే అసెంబ్లీకి పంపాలి. అక్కడా బాగున్నాడంటే పార్లమెంటుకు పంపాలి. (నాడి దొరకబుచ్చుకోలేనివారు దవాఖానలోనే ఉండిపోవచ్చు. వారిని ఎవరూ ఏమీ అనరు.)

డాక్టర్ విద్యాధర్ ఈ పద్ధతి ప్రకారమే అసెంబ్లీకి పోయాడు. పసుపు యార్డుకు వచ్చే రైతులు, హమాలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆయన చెయ్యి మంచిదని చెప్పుకుని చెప్పుకుని, చివరికి ఓటు వేసి ఆ చెయ్యిని పోగొట్టుకున్నారు. మోర్తాడ్ లింగవ్వకు ఆయన పోటీ చేసిన చోట ఓటు లేదు. అయినా ఓటున్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ గెలిపించింది.

ఈ చలికాలం లింగవ్వకు ఊపిరి అందడం మానేసింది. చాట ఒళ్లో పెట్టుకుని నాలుగు బీడీలు చుడితే చాలు, ఆయాసం. అది పొగాకు దుమ్మా, ఇంకేమైనానా? కూతురు రజనికి తెలియాల్సింది అదొక్కటే. తల్లిని తీసుకుని ఆర్మూరు బస్సెక్కింది.

దవాఖాన బోర్డు మీద ఇప్పుడు క్యాంపు కార్యాలయం అని రాసి ఉంది. కాంపౌండర్ సాయిలు పీఏ అయ్యాడు. అప్పుడూ పేర్లు పిలిచేవాడు, ఇప్పుడూ పేర్లే పిలుస్తున్నాడు. మధ్యలో మారింది అంగీ రంగు.

"ఏ ఊరు చెల్లె?"

"మోర్తాడ్ అన్నా. మా అవ్వకు దమ్ము లేస్తుంది. సారు ఒక్కపారి చూస్తె..."

"మోర్తాడ్ మన నియోజకవర్గంల రాదు. మీ దమ్ము మీ ఎమ్మెల్యే కిందికి వస్తది."

లింగవ్వ ఆయాసం ఆపుకుని ముందుకు వచ్చింది. "ఓరి సాయిలూ, సూదిచ్చుడు నా మీదనే నేర్సుకుంటివి గదరా. గప్పుడు అడిగినవా నియోజకవర్గం?"

సాయిలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "శాలువా తెచ్చుకున్నరా?"

ఇక్కడ పద్ధతి చెప్పాలి. వట్టి చేతులతో వచ్చినవారు సాయిలు దాకా పోతారు. శాలువాతో వచ్చినవారు సారు దాకా పోతారు. శాలువా కప్పేటప్పుడు సారు తల వంచుతాడు. అప్పుడు ఆయన చెవి మన నోటి దగ్గరికి వస్తుంది. ప్రస్తుతం ఓపీ అంటే అదే. షుగరున్నవాళ్లు దీనికి బాగా అలవాటు పడ్డారు. శాలువా కప్పుతూ "రెండు వందల ఎనభై సారూ" అని చెవిలో చెప్పి కెమెరాకు నవ్వుతారు. సారూ కెమెరాకే నవ్వుతూ, పెదాలు కదలకుండా, "పొద్దుటి గోలి డబుల్ చెయ్యి" అంటాడు. కింద మందుల షాపులో మాత్రలుండే అరల్లో ఇప్పుడు శాలువాలు పెట్టారు. (మూలశంక ఉన్నవారికి శాలువా సరిపోదు. వారు విడిగా సన్మాన సభ ఏర్పాటు చేసుకోవాలి.)

రజని ఒక శాలువా కొన్నది. లింగవ్వ వరుసలో నిలబడి, వంతు వచ్చాక దాన్ని సారు భుజాల మీద వేసింది. రోగం చెప్పబోతే దగ్గు వచ్చింది.

"అరె, లింగవ్వా! మంచిగున్నవా?" సారు నిజంగానే సంతోషించాడు. స్టెతస్కోప్ తెమ్మన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన దాని బిళ్లను లింగవ్వ ఛాతీ మీద ఆనించి కెమెరా వైపు తిరిగాడు.

రజని చూసింది. రెండో కొస ఆయన మెడలోనే వేలాడుతోంది. అవ్వ ఊపిరి ఏం చెప్పుకుందో ఆ మెడకే తెలియాలి.

"సారూ... చెవులల్ల పెట్టుకోలేదు" అంది మెల్లగా.

ఫొటోగ్రాఫర్ జవాబిచ్చాడు. "చెవులల్ల పెడితే మొఖం సీరియస్ వస్తది చెల్లె. జర పక్కకు జరుగు."

"ఏం ఫికర్ లేదు" అన్నాడు సారు. అది లింగవ్వతో కాదు, జనంతో.

వాళ్లు మెట్లు దిగేలోపే ఫొటో ఊరి ఫోన్లన్నిటికీ చేరింది. 'ఎమ్మెల్యే అయినా స్టెతస్కోప్ వదలని మన డాక్టర్ సాబ్.' లింగవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

"ఫొటోల మంచిగనే పడ్డ బిడ్డా. దమ్మే ఆడుతలేదు."

బస్టాండు ఎదురుగా డాక్టర్ వాణి అని ఒకామె కొత్తగా దవాఖాన తెరిచింది. లోపల పెద్దగా జనం లేరు. శాలువా అడగలేదు. స్టెతస్కోప్ చెవుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, వీపు మీదా ఛాతీ మీదా విన్నది. ఊపిరి పీల్చమన్నది, వదలమన్నది, మళ్లీ విన్నది. రజని కూడా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

"పొగాకు దుమ్ము అవ్వా. ఇప్పటికైతే భయం లేదు. బీడీలు బంద్ పెట్టి ఈ ఇన్‌హేలర్ పంపు పీల్చాలి. నెలనెలా వచ్చి నాకు చూపించాలి. మధ్యలో ఆపొద్దు."

అక్కడే రెండుసార్లు పీల్పించింది. కాసేపటికి లింగవ్వ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ గాలితో ఆమె చేసిన మొదటి పని, బయట కూర్చున్నవాళ్ల వైపు తిరిగి "ఏం మంచి చెయ్యమ్మా గీమెది..." అని మొదలుపెట్టడం.

రజని ఆమె నోరు మూసి బయటికి లాక్కొచ్చింది. "అవ్వా! గాయన్ని గిట్లనే పోగొడితివి. గీమెనన్న దవాఖానల ఉండనియ్యి."

బస్సులో పక్క సీటామె మందుల సంచీ చూసి అడిగింది. "గా కొత్త డాక్టరమ్మ కాడికేనా? ఎట్ల చూస్తది?"

"దండుగ అక్కా" అంది రజని. "ఏం చూడరాదు."

ఆమె ముందూ వెనుకా చూసుకుని, తలూపి, దగ్గరికి జరిగింది. "అవునవును, మస్తు దండుగ. మా ఆయన కాళ్ల వాపు వారంలనే తగ్గింది. ఎవలకు చెప్పకు."

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొడుతున్న కండక్టర్ అంతా విన్నాడు. "అంటె గా డాక్టరమ్మకు ఏం రాదంటరా?"

"ఏం రాదన్నా" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"గట్లనా" అని ఆయన టికెట్ చింపి రజని చేతిలో పెట్టాడు. "అయితే డైరెక్ట్ మంత్రే."