బాద్షా పట్టెడ, ఓదెలు నడుము

చొక్కాకూ ప్యాంటుకూ రంగు కుదిరినంత మాత్రాన మగవాడు పూర్తికాడనే సత్యం ఆ ఏడాది గౌలిపుర యువజనుల దృష్టికి వచ్చింది. బెల్టు, మెడ రుమాలు, చేతి పట్టీ సైతం వాటితో కలవాలి. దీనికి మ్యాచింగు అని పేరు. మ్యాచింగు లేనివాడు కూడా బతకవచ్చునని చట్టం ఒప్పుకుంటుంది గాని, గల్లీ ఒప్పుకోదు.

పాల వ్యాపారి ఎల్లప్ప కొడుకు ఓదెలుకు ఈ జ్ఞానం అవసరమైన వేళకే కలిగింది. దీపావళి తర్వాత దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ పండుగకు కూతురు కళావతితో సహా వచ్చి పిల్లవాణ్ణి చూస్తానని లాల్‌దర్వాజ విశ్వేశ్వర్ కబురు పంపాడు. కళావతిని ఓదెలు బోనాల్లో ఒకసారి చూశాడు. చూసినప్పటి నుంచి పాలలో నీళ్ళు కలపడం కూడా మరచిపోయాడు. "పాలు గిట్ల చిక్కగున్నయేంది?" అని వాడుక ఇళ్ళవాళ్ళు నిలదీశారు కూడా. ఆ పిల్ల కాదంటే ఇక పెళ్ళే వద్దని అతను లోలోపల ఒట్టు పెట్టుకున్నాడు.

జుమ్మెరాత్ బజారు పాతబట్టల కుప్పలో టమాటపండు రంగు బెల్‌బాటం దొరికింది. నడుము ఓదెలులాంటి వాళ్ళిద్దరికి సరిపోతుంది. పత్తర్‌గట్టిలో చొక్కాకు చిలకపచ్చ కట్‌పీసు దొరికింది. గుడ్డ ఒక చేతికి తక్కువ పడితే దర్జీ రెండో చేతిని కూడా కురచ చేసి న్యాయం జరిపించాడు. అంతటితో జేబు ఖాళీ అయింది. ఎరుపుతోనూ పచ్చతోనూ కలిసే బెల్టు మాత్రం కొనవలసి మిగిలిపోయింది. బెల్టు లేకపోతే మ్యాచింగు పోవడం తర్వాతి మాట, ముందు ప్యాంటు పోతుంది.

పరిష్కారం అటక మీది సందూకలో కనబడింది. దున్నపోతు బాద్షాకు సదర్‌నాడు మెడలో కట్టే పట్టెడ అది. ఎర్ర ఊలు, పచ్చ ఊలు, నడుమ తెల్లని గవ్వలు, అంచున మువ్వలు. ఓదెలు తల్లి రాజమణి పోయేముందు తన చేత్తో అల్లింది. మువ్వలు విప్పి రెండు చుట్లు చుట్టుకుంటే దేవుడు తన కోసమే కొలిచినట్టు కుదిరింది.

"యాడ తెచ్చినవ్ భాయ్?" అని దోస్తు అంజన్ నోరు తెరిచాడు.

"బొంబాయి మాల్," అన్నాడు ఓదెలు.

వారం తిరగకుండానే గౌలిపురలో ఏ సందూకలోనూ పట్టెడ మిగలలేదు. యువజన సంఘం అధ్యక్షుడు బాలనర్సింహ తన మేనమామ దున్నపోతు సొత్తును నడుముకు బిగించి సభ చేశాడు. "సోదరులారా! నిన్నటిదాకా బొంబాయి ముందు, మనం వెనుక. నేడు బొంబాయే మన నడుములకు చుట్టుకున్నది!" చప్పట్లు మోగాయి. మువ్వలు విప్పడం మరచినవారి నడుములు కూడా మోగాయి.

పండుగ రానే వచ్చింది. దున్నపోతులు బోడి మెడలతో, యువకులు సకలాలంకారాలతో వీధికెక్కారు. "పట్టెడ కనవడ్తలేదు బిడ్డా, నువ్వేమన్న చూసినవా?" అని ఎల్లప్ప పొద్దుటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు. ఓదెలు చొక్కా కిందికి లాక్కుని చూడలేదన్నాడు.

బాద్షాకు మాత్రం ఒక పట్టింపు ఉంది. పట్టెడ మెడలో పడితేగాని ఊరేగింపులో అడుగు వేయదు. విశ్వేశ్వర్ కుటుంబం అరుగు మీద కూర్చుని చూస్తుండగా అది ఓదెలు దగ్గరికి వచ్చి, మూతితో చొక్కా ఎత్తి, నడుము వాసన చూసి, కట్టమన్నట్టు మెడ వంచి నిలబడింది. డప్పులు ఎంత మోగినా కదలలేదు. వెనుక దున్నపోతులు, వాటి వెనుక జనం ఆగిపోయారు.

విశ్వేశ్వర్ చేతి గడియారం మెరిసేలా చెయ్యి చాచి, "ఎల్లప్పా, గీ ఇద్దర్ల పిలగాడెవడు?" అని అడిగాడు. అరుగంతా నవ్వింది.

ఎల్లప్ప నవ్వలేదు. "గది మీ అమ్మ అల్లింది రా," అన్నాడు మెల్లగా.

ఓదెలుకు సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ప్యాంటును మోచేతులతో అదుముకుంటూ పట్టెడ విప్పి బాద్షా మెడకు కట్టాడు. బాద్షా దర్జాగా ముందుకు సాగింది. ఆడపిల్ల తండ్రికి చేతులు జోడించవలసిన ఘడియ వచ్చేసరికి ఓదెలు రెండు చేతులూ ప్యాంటు సేవలో ఉన్నాయి.

"పెద్దోళ్ళకు దండం పెట్టని సంబంధం మనకొద్దు," అని విశ్వేశ్వర్ లేచాడు.

అతని పొరుగింటి నీలమ్మ సరిగ్గా అప్పుడే గుంపును తోసుకుంటూ వచ్చింది. "విశ్వేశ్వర్ అన్నా, మా ఆయనకు డ్యూటీ టైమాయె. జర మా గడియారం ఇస్తవా?"

విశ్వేశ్వర్ మళ్ళీ కూర్చున్నాడు. నవ్వు ఆపుకోలేక కళావతి జడ రిబ్బను విప్పి నీలమ్మ చేతిలో పెట్టింది. "గిది నా సొంతదే అక్కా. గాయనకియ్యి, ప్యాంటుకు కట్టుకుంటడు."

రిబ్బను ఎర్రనిది. మ్యాచింగు కుదిరింది, సంబంధమూ కుదిరింది.

పెళ్ళి ఫొటోలో ఓదెలు కోటు స్టూడియోవారిది, బూట్లు అంజన్‌వి, టై బాలనర్సింహది, గడియారం నీలమ్మ ఇంటిది. ఫొటో నలుపు తెలుపులది కాబట్టి రంగులన్నీ చక్కగా కలిశాయి.

ఇంతవరకు ఓదెలును చూసి నవ్విన పాఠక మహాశయులు దయచేసి ఒక్కసారి లేచి, గోడ మీది తమ పెళ్ళి ఫొటో దగ్గరికి వెళ్ళవలసిందిగా మనవి. ఆ కోటు ఎవరిదో గుర్తుందా?